సింగపూర్ నుంచి న్యూయార్క్ నాన్‌స్టాప్: దూరం ఒక లెక్క, టైమ్ ఇంకో లెక్క ఎందుకు?

కావేరి_ఎస్ (శుక్రవారం, రాత్రి 9:14)

అందరికీ నమస్తే అండీ. మా అమ్మని సింగపూర్ నుంచి న్యూయార్క్ లో ఉన్న మా అక్క దగ్గరికి పంపాలి, నాన్‌స్టాప్ అయితే బాగుంటుందని చూస్తున్నా. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం 15,300 కిలోమీటర్లకి కొంచెం పైన అని చూపిస్తోంది, విమానం గంటకి 900 పోతుందంటారు కదా, అంటే 17 గంటలు రావాలి. కానీ టికెట్ లో 18 గంటల 40 నిమిషాలు ఉంది, వచ్చేటప్పుడు ఇంకో పది నిమిషాలు ఎక్కువ ఉంది. ఇంకో సైట్ లో పాత ఫ్లైట్ల రూట్ చూస్తే 16,000 దాటి తిరిగినట్టు ఉంది. ఏ నంబర్ నమ్మాలో అర్థం కావట్లేదు.

ఇంకోటి, శనివారం రాత్రి 11:30 కి బయల్దేరి ఆదివారం పొద్దున 6:10 కి దిగుతుందని ఉంది, అమ్మ అది చూసి "ఆరేడు గంటలేగా, కూర్చుంటాలే" అంటోంది. ఆవిడకి 68, మోకాళ్ళ నొప్పులు. నాన్‌స్టాప్ లో పంపడం మంచిదా, మధ్యలో ఒకచోట ఆగేది మంచిదా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి, రెండు మూడు రోజుల్లో బుక్ చెయ్యాలి.

చందు_బ్రో (శుక్రవారం, రాత్రి 9:31)

అక్కా ముందుగాల అమ్మకి ఆ టైమ్ సంగతి చెప్పు, లేకపోతే విమానంల కూసున్నంక పరేషాన్ అయితది. టికెట్ మీద బయల్దేరే టైమ్ సింగపూర్ ది, దిగే టైమ్ న్యూయార్క్ ది. ఎండాకాలంల రెండిటికి సరిగ్గా 12 గంటల తేడా. శనివారం రాత్రి 11:30 కి ఇక్కడ ఎక్కితే అక్కడ అప్పుడు శనివారం పొద్దున 11:30 అన్నట్టు, దానికి 18 గంటల 40 నిమిషాలు కలుపు, ఆదివారం పొద్దున 6:10. లెక్క సరిపోయింది. ఎప్పుడైనా రెండు టైములని ఒక్క చోటి గడియారంలకి మార్చుకున్నంకనే తీసివేత చెయ్యాలె, అట్ల చేస్తె తప్పు రాదు.

లెక్కలమాస్టారు (శుక్రవారం, రాత్రి 10:05)

కావేరి గారూ, ముందు ఆ 15,300 ఎక్కడినుంచి వచ్చిందో చూద్దాం, ఎందుకంటే ఈ రెండు ఊళ్ళకి ఆ లెక్క నోటితో చేసెయ్యొచ్చు, అలాంటి జంటలు చాలా అరుదు.

సింగపూర్ భూమధ్యరేఖకి ఉత్తరంగా 1.36 డిగ్రీల దగ్గర ఉంది, న్యూయార్క్ కెన్నెడీ ఎయిర్‌పోర్టు 40.64 డిగ్రీల దగ్గర. రేఖాంశాలు చూస్తే ఒకటి తూర్పు 104, ఇంకోటి పడమర 74, రెండూ కలిపితే 178. అంటే దాదాపు 180, భూగోళానికి ఒకటి ఈ పక్క ఉంటే ఇంకోటి సరిగ్గా ఆ పక్క. అలాంటప్పుడు గుండ్రటి భూమి మీద అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది. సింగపూర్ నుంచి ధ్రువానికి 90 లోంచి 1.36 తీస్తే 88.64 డిగ్రీలు, ధ్రువం నుంచి న్యూయార్క్ కి 49.36 డిగ్రీలు, మొత్తం 138. ఒక్కో డిగ్రీకి 60 నాటికల్ మైళ్ళు, అంటే 8,280 నాటికల్ మైళ్ళు, నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు కాబట్టి గుణిస్తే 15,335 వస్తుంది. మీరు చూసిన సంఖ్య ఇదే. సైట్లలో ఓ పది పదిహేను కిలోమీటర్లు అటూ ఇటూ ఉంటే కంగారు పడకండి, భూమి పూర్తి గోళం కాదు, మధ్యలో వ్యాసం ధ్రువాల దగ్గరి కంటే 43 కిలోమీటర్లు ఎక్కువ, కొందరు ఆ ఉబ్బు లెక్కలోకి తీసుకుంటారు కొందరు తీసుకోరు.

గోడ మీద మ్యాప్ చూసి గీత గియ్యకండి మాత్రం. ఇంట్లో గ్లోబు ఉంటే రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి లాగి చూడండి, అదెటు పోతుందో చూస్తే మనకే ఆశ్చర్యంగా ఉంటుంది.

కావేరి_ఎస్ (శుక్రవారం, రాత్రి 10:22)

మాస్టారూ ఇంత సులువుగా వస్తుందని అనుకోలేదు, థాంక్యూ అండీ. అయితే అమ్మ ఫ్లైట్ నిజంగా ఉత్తర ధ్రువం మీదుగా పోతుందా?

విండోసీట్ (శుక్రవారం, రాత్రి 11:40)

మామూలుగా పోదండీ. నేను ఈ ఫ్లైట్ ని ఫ్లైట్‌రాడార్24 లో (ఏ విమానం ఎక్కడ ఎగురుతోందో చూపించే సైట్) చాలా కాలంగా చూస్తున్నా. సింగపూర్ నుంచి వెళ్ళేటప్పుడు ఎక్కువగా ఫిలిప్పీన్స్, జపాన్ వైపు ఎక్కి ఉత్తర పసిఫిక్ దాటి అలాస్కా, కెనడా మీదుగానో ఇంకొంచెం కిందనుంచో న్యూయార్క్ లో దిగుతుంది. వచ్చేటప్పుడు అదే దారిలో వెనక్కి రాదు, అట్లాంటిక్ దాటి యూరప్ మీదుగా వస్తుంది. అంటే వెళ్ళేటప్పుడూ తూర్పుకే, వచ్చేటప్పుడూ తూర్పుకే, అలా అయితేనే టైమ్ తక్కువ పడుతుంది, రెండు ప్రయాణాలూ కలిపితే భూమి చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తవుతుంది. మాస్టారు చెప్పినట్టు రెండు ఊళ్ళూ భూగోళానికి అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి ఇది కుదిరింది, చాలా ఊళ్ళకి ఈ సౌకర్యం లేదు. నాకు ఈ రూట్ అంటే అంత ఇష్టం అందుకే.

మీరు చూసిన 16,000 పై చిలుకు అదే. టోక్యో మీదుగా కొలిచి చూడండి, సింగపూర్–టోక్యో 5,350, టోక్యో–న్యూయార్క్ 10,800 పైన, కలిపితే 16,200 దగ్గర తేలుతుంది.

పాత రోజుల్లో, 2004 నుంచి 2013 దాకా సింగపూర్ ఎయిర్‌లైన్స్ నాలుగు ఇంజిన్ల ఎయిర్‌బస్ ఏ340-500 తో పక్కనే ఉన్న నెవార్క్ కి నడిపినప్పుడు ధ్రువం దగ్గరగా కూడా ఎగిరేవి.

కిట్టు_2000 (శనివారం, ఉదయం 7:02)

బ్రో చిన్న డౌట్. తూర్పుకి పోతే టైమ్ తక్కువ అంటే భూమి తిరగడం వల్ల కదా? భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుద్ది, మరి అప్పుడు తూర్పున ఉన్న ఊరు దూరం జరగాలి కదా, ఎక్కువ టైమ్ పట్టాలి కదా, ఇక్కడే కన్‌ఫ్యూజ్ అవుతున్నా

లెక్కలమాస్టారు (శనివారం, ఉదయం 7:45)

కిట్టూ, భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది బాబూ, విమానం నేలమీద ఉన్నప్పటినుంచే ఆ తిరుగుడులో ఉంది. పరిగెడుతున్న రైలు పెట్టెలో నువ్వు ఇంజిన్ వైపు నడిచినా వెనక్కి నడిచినా పది అడుగులకి అదే టైమ్ పడుతుంది కదా. భూమి తిరుగుడు నేరుగా కలవదు, తీసివెయ్యబడదు. కానీ ఆ తిరుగుడు వల్లా, భూమధ్యరేఖ దగ్గర వేడి ధ్రువాల దగ్గర చలి వల్లా పైన గాలులు పడమర నుంచి తూర్పుకి వీస్తాయి, తేడా అంతా ఆ గాలిది.

నింగిబాట (శనివారం, ఉదయం 10:18)

నేను ఫ్లైట్ డిస్పాచ్ లో పనిచేసి రిటైర్ అయ్యాను, రూట్లు వెయ్యడమే మా పని, అందుకని ఇది కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కిలోమీటర్లని 900 తో భాగించి టైమ్ తెలుసుకోవాలనుకోవడం దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. ఆ 900 గాలిలో వేగం. ఈ రూట్ లో తిరిగే ఎయిర్‌బస్ ఏ350 మాక్ 0.85 తో, అంటే ధ్వని వేగంలో 85 శాతంతో పోతుంది, పైన మైనస్ 56 డిగ్రీల చలిలో ధ్వని వేగం గంటకి 1,060 దగ్గర ఉంటుంది కాబట్టి విమానం గాలిని కోసుకుపోయేది 900. కానీ ఆ గాలి తనే గంటకి 150 తో కదులుతుంటే నేల మీద లెక్కకి విమానం వేగం 1,050 అవుతుంది, ఎదురైతే 750. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో ఉండే ఈ గట్టి గాలి పట్టీనే జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో జపాన్ మీద ఇది గంటకి 300 దాటడం మాకు మామూలే.

కాబట్టి మేం కిలోమీటర్లు తక్కువున్న దారి వెతకం, నిమిషాలు తక్కువున్న దారి వెతుకుతాం. ఊరికే లెక్క కోసం చెప్తున్నా, 15,300 ఉన్న దారిలో 50 ఎదురుగాలి ఉంటే 850 తో పోవాలి, 18 గంటలు. 16,200 ఉన్న దారిలో వెనకనుంచి 50 ఉంటే 950 తో పోతాం, 17 గంటల 3 నిమిషాలు. తొమ్మిది వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగి గంట ముందు దిగినట్టు. అందుకే ప్రతిరోజూ బయల్దేరడానికి కొన్ని గంటల ముందు పైగాలుల ఫోర్‌కాస్ట్ తీసుకుని కంప్యూటర్ లో రూట్ కొత్తగా వేస్తాం. నిన్నటి దారి ఇవాళ ఉండదు. కావేరి గారూ, మీరు ఒక్కో రోజు ఫ్లైట్ తీసి చూడండి, గీత జారుతూ కనిపిస్తుంది.

ధ్రువం దారి ఎందుకు రోజూ వాడరు అంటే గాలి ఒక్కటే కారణం కాదు. ఎవరి గగనతలంలోంచి పోవాలో వాళ్ళ అనుమతి కావాలి. అత్యవసరమైతే దిగడానికి పనికొచ్చే ఎయిర్‌పోర్టులు ఆ మంచులో చాలా తక్కువ. ఇంధనం చల్లబడిపోవడం ఇంకోటి, జెట్ ఏ-1 మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది కాబట్టి ట్యాంకుల్లో టెంపరేచర్ గమనిస్తూ ఉండాలి, తగ్గుతుంటే ఎత్తు మార్చాలి లేదా వేగం పెంచాలి. ఇవన్నీ చూసుకునే వెళ్తారు, కానీ లాభం ఉన్న రోజే.

ఇక టికెట్ మీది 18 గంటల 40 నిమిషాలు గాల్లో ఉండే టైమ్ కాదు. గేటు దగ్గర చక్రాలు కదిలినప్పటినుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే దాకా పోవడానికి, కెన్నెడీ లాంటి రద్దీ చోట దిగడానికి లైన్ లో ఉండడానికి, దిగాక గేటు దాకా రావడానికి అందులో చోటు వదులుతారు. గాలి బాగున్న రోజు ముందే దిగుతుంది, బాగోలేని రోజు సరిగ్గా టైమ్ కి దిగుతుంది.

చందు_బ్రో (శనివారం, ఉదయం 10:50)

అన్నా మస్తు చెప్పినవ్. కానీ ఒక మాట, పోయేటప్పుడు గాలి కలిసొచ్చి, వచ్చేటప్పుడు ఎదురైతే రెండు సమానం అయిపోతయి కదా, మొత్తానికి ఏం ఫరక్ పడదు కదా? సింగపూర్ ది కాదు, మామూలు రూట్ల గురించి అడుగుతున్న.

లెక్కలమాస్టారు (శనివారం, ఉదయం 11:30)

సమానం కావు చందూ, ఎప్పుడూ నష్టమే. 9,000 కిలోమీటర్లు తీసుకో, గాలి లేకపోతే వెళ్ళి రావడానికి పదీ పదీ ఇరవై గంటలు. గాలి 100 ఉందనుకో, వెళ్ళేటప్పుడు 1,000 తో 9 గంటలు, వచ్చేటప్పుడు 800 తో 11 గంటల 15 నిమిషాలు. మొత్తం 20 గంటల 15 నిమిషాలు. పావుగంట ఎక్కడ పోయింది? కలిసొచ్చే గాలిలో తక్కువ సేపు ఉంటాం, ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటాం, అందుకని ఎదురుగాలి దెబ్బే పెద్దది. ఇది పిల్లలకి బోర్డు మీద చేసి చూపిస్తే ఎంత తొందరగా పట్టుకుంటారో, పడవా నదీ లెక్కలకంటే దీన్ని ఇష్టపడతారు.

భూగోళం (శనివారం, మధ్యాహ్నం 2:15)

ఈ గాలి సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. దీన్ని ముందుగా కొలిచింది జపాన్ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి, 1920ల్లో, బెలూన్లు వదిలి వాటిని గమనిస్తూ. ప్రపంచమంతా చదవాలని తన రిపోర్టుని ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో 1926 లో వేశారు, ఆ భాష చదివేవాళ్ళే తక్కువ కావడంతో బయట పెద్దగా ఎవరికీ తెలియలేదు. తర్వాత 1944 లో జపాన్ మీదికి ఎత్తులో వచ్చిన అమెరికా బీ-29 బాంబర్లకి ఆ గాలి తగిలాక కానీ మిగతావాళ్ళకి దాని బలం తెలిసిరాలేదు. అంత కష్టపడి కొలిచిన మనిషికి రావాల్సిన పేరు రాలేదని నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది.

2020 ఫిబ్రవరిలో కియారా తుఫాను టైమ్ లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్ కి 4 గంటల 56 నిమిషాల్లో వెళ్ళిపోయింది. మామూలుగా ఆరు గంటల పైన పట్టే దారి అది. నేల లెక్కలో వేగం గంటకి 1,300 కిలోమీటర్లు దాటింది.

కిట్టు_2000 (శనివారం, మధ్యాహ్నం 2:28)

1300 అంటే సౌండ్ స్పీడ్ దాటేసింది కదా? మరి అలా దాటితే వచ్చే పెద్ద శబ్దం రాలేదా

నింగిబాట (శనివారం, మధ్యాహ్నం 3:10)

లేదు కిట్టూ, గాలితో పోలిస్తే అది రోజూ పోయే వేగంతోనే పోయింది, రెక్కలకి తెలిసేది గాలితో వేగమే. కింద నేల ఎంత వేగంగా వెనక్కి పోతోందో వాటికి పట్టదు.

రెక్కలరాజు (శనివారం, సాయంత్రం 5:44)

అందరూ గాలి గాలి అంటున్నారు కానీ ఈ మధ్య టైములు పెరగడానికి అసలు కారణం గాలి కాదండీ, గగనతలాల మూసివేత. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా ఆకాశం యూరప్ కంపెనీలకి మూసేశారు. ఫిన్లాండ్ కంపెనీ ఫిన్‌ఎయిర్ కి హెల్సింకి–టోక్యో తొమ్మిదిన్నర గంటలు ఉండేది, సైబీరియా మీదుగా నేరుగా పోయేది, ఇప్పుడు అటు ధ్రువం వైపునో ఇటు దక్షిణం నుంచో చుట్టి రావాలి, 13 గంటలు. ఊళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, దూరం అంకె మారలేదు, ప్రయాణం మూడున్నర గంటలు పెరిగింది. అలాగే 2025 ఏప్రిల్ లో పాకిస్తాన్ తన ఆకాశం మన విమానాలకి మూసేశాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే ఎయిర్ ఇండియా ఫ్లైట్లు కొన్ని మధ్యలో వియన్నాలో ఇంధనం కోసం ఆగాల్సి వచ్చింది. కాబట్టి సైట్ లో చూపించే దూరం మీద నాకైతే నమ్మకం లేదు, అది పక్షికి పనికొచ్చే అంకె.

విండోసీట్ (శనివారం, సాయంత్రం 6:20)

రెక్కలరాజు గారూ మూసివేతల గురించి మీరన్నది నిజమే, కానీ గాలిని పక్కనపెట్టేస్తే ఒప్పుకోను. ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో చూడండి. నేరు దూరం 12,400 దగ్గర. ఎయిర్ ఇండియా ముందు అట్లాంటిక్ వైపునుంచి నడిపేది, 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా మార్చింది, ఆ దారి 15,300 కిలోమీటర్లు. పాత దారికంటే వెయ్యికి పైగా కిలోమీటర్లు ఎక్కువ, అయినా పద్నాలుగున్నర గంటల్లో దిగింది, పాతదానికంటే ముందే. వెళ్ళేటప్పుడు పసిఫిక్, వచ్చేటప్పుడు కూడా తూర్పుకే, అట్లాంటిక్ మీదుగా. ఇక్కడ ఎవరూ ఆకాశం మూయలేదు, గాలి ఒక్కటే పని చేసింది.

బెంగళూరు–శాన్ ఫ్రాన్సిస్కో కూడా గుర్తు చేసుకోవాలి, 14,000 కిలోమీటర్ల దగ్గర. 2021 జనవరిలో మొదటి ఫ్లైట్ ని కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో కాక్‌పిట్ లో అందరూ మహిళలే ఉండి ఉత్తర ధ్రువం మీదుగా తీసుకొచ్చారు, పదిహేడు గంటల దాకా. ఆ రాత్రి నేను స్క్రీన్ ముందునుంచి లేవలేదు.

రెక్కలరాజు (శనివారం, రాత్రి 8:05)

ఢిల్లీ ఉదాహరణ బలంగానే ఉంది, అది నేను కాదనను. నేననేది టికెట్ కొనేవాడికి రెండూ ఒకటే, గాలి వల్ల అయినా మూసివేత వల్ల అయినా మ్యాప్ లో దూరం చూసి టైమ్ ఊహించకూడదు అని. ఈ నెల నడుస్తున్న ఫ్లైట్ అసలు ఎంత సేపు ఎగిరిందో చూసుకోవాలి.

చందు_బ్రో (శనివారం, రాత్రి 8:40)

ఇంకో డౌట్ అడుగుత ఏమనుకోకండి. టిబెట్ మీద ఎప్పుడు చూసినా విమానాలు చాలా తక్కువ కనిపిస్తయి, అదెందుకు?

నింగిబాట (శనివారం, రాత్రి 9:15)

క్యాబిన్ లో ప్రెషర్ పోతే విమానం గబగబా 10,000 అడుగులకి దిగాలి, అక్కడ మామూలుగా ఊపిరి పీల్చుకోవచ్చు. టిబెట్ పీఠభూమే 14,000 అడుగుల పైన ఉంది, కిందకి దిగడానికి చోటెక్కడ? ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ నిమిషాల లెక్కన ఉంటుంది. అందుకే చుట్టి పోతారు, ఇష్టపడి మీదనుంచి పోయేవాళ్ళు కూడా తప్పించుకునే దారులు ముందే రాసుకుని పోతారు.

ఇంజిన్ సంగతి కూడా దీనికి చుట్టమే. రెండు ఇంజిన్ల విమానం ఒక ఇంజిన్ ఆగినా మిగిలినదానితో ఏదో ఒక ఎయిర్‌పోర్టుకి ఇన్ని నిమిషాల్లో చేరగలగాలని రూల్. 1953 లో అమెరికాలో అది 60 నిమిషాలు, 1985 లో 120 కి పెంచారు, తర్వాత 180. ఇప్పుడు ఏ350 కి 370 నిమిషాల దాకా అనుమతి ఉంది. ఆ సంఖ్య పెరిగిన కొద్దీ సముద్రాల మీద గీతలు నిటారు అయ్యాయి, ముందు దీవుల పక్కనుంచి వంకర్లు తిరిగేవి. నాలుగు ఇంజిన్ల విమానాలు తగ్గిపోవడానికి ఇది పెద్ద కారణం.

భూగోళం (శనివారం, రాత్రి 10:02)

ఒకప్పటి ప్రయాణాలు చూస్తే ఇదంతా ఎంత ముందుకొచ్చామో తెలుస్తుంది. 1947 డిసెంబరులో ఆస్ట్రేలియా కంపెనీ క్వాంటాస్ సిడ్నీ–లండన్ మొదలెట్టినప్పుడు కాన్‌స్టెలేషన్ విమానం డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీల్లో ఆగుతూ నాలుగు రోజులు పట్టింది, ప్రయాణికులు 29 మంది, సిబ్బంది 11 మంది. ఇప్పుడు అదే కంపెనీ అదే రెండు ఊళ్ళ మధ్య 17,000 కిలోమీటర్లని ఏకబిగిన ఎగరడానికి సిద్ధమవుతోంది, ఏ350-1000 లో అదనంగా 20,000 లీటర్ల ట్యాంకు పెట్టించి, సీట్లు 238 కి తగ్గించి. 2019 అక్టోబరులో న్యూయార్క్–సిడ్నీ ట్రయల్ చేశారు, 19 గంటల 16 నిమిషాలు, యాభై మంది లోపే ఎక్కించుకుని.

భూమి చుట్టుకొలత 40,000 కాబట్టి ఏ రెండు ఊళ్ళ మధ్యా 20,000 కిలోమీటర్లకి మించి దూరం ఉండదు. అంటే చివరి గీత దగ్గరికి వచ్చేశాం అన్నమాట.

కావేరి_ఎస్ (ఆదివారం, ఉదయం 8:30)

పొద్దున్నే మొత్తం చదివాను, అమ్మకి కూడా చదివి వినిపించాను, ప్రదక్షిణ సంగతి విని తెగ సంబరపడింది. ఇప్పుడు నా రెండో ప్రశ్న అండీ. నాన్‌స్టాప్ ఆ లేక ఆగేదా? ఫ్రాంక్‌ఫర్ట్ లో ఆగి అదే నంబర్ తో న్యూయార్క్ వెళ్ళేది ఒకటి ఉంది, మొత్తం 23 గంటల దగ్గర అవుతోంది. ఒకేసారి పద్దెనిమిదిన్నర గంటలు కూర్చోవడం మోకాళ్ళకి కష్టమేమో అని భయం.

డా_మాధురి (ఆదివారం, ఉదయం 9:20)

కావేరీ, ఎదురుగా చూడకుండా ఖచ్చితంగా చెప్పకూడదు, ఆవిడని చూసే డాక్టర్ ని ఒకసారి అడుగు. సాధారణంగా నేను చూసేది ఇది. నాలుగు గంటలు దాటిన ఏ ప్రయాణంలోనైనా, విమానమైనా బస్సైనా, కదలకుండా కూర్చుంటే కాళ్ళ రక్తనాళాల్లో గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 లో చెప్పింది, అయితే మొత్తం మీద అది దాదాపు ఆరువేల మందిలో ఒకరికి, కాబట్టి బెంబేలు పడక్కర్లేదు. ఇంతకుముందు గడ్డలు వచ్చిన చరిత్ర ఉందా, ఈ మధ్య ఆపరేషన్ ఏదైనా అయిందా, క్యాన్సర్ మందులేమైనా వాడుతున్నారా అనేవి డాక్టర్ కి తప్పకుండా చెప్పాలి. బిగుతు మేజోళ్ళు ఎవరో చెప్పారని కొనెయ్యద్దు, అవి కాలికి సరిపడా సైజ్ ఉండాలి, డాక్టర్ చెప్తేనే వెయ్యాలి.

మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఎక్కువ ఇబ్బంది విమానంలో కూర్చోవడం కంటే ఎయిర్‌పోర్టుల్లో నడవడం. ఫ్రాంక్‌ఫర్ట్ లో దిగి, మళ్ళీ చెకింగ్, మళ్ళీ ఎక్కడం, నిద్ర మధ్యలో లేపడం, ఇదంతా 68 ఏళ్ళ మనిషికి నాకైతే ఇష్టం ఉండదు. నాన్‌స్టాప్ లో నడవా పక్క సీటు తీసుకుని, గంటా రెండు గంటలకి ఒకసారి లేచి వెనక దాకా నడిచి రమ్మను, కూర్చున్నప్పుడు పాదాలు పైకీ కిందికీ ఆడించమను, మంచినీళ్ళు తాగమను. బాత్రూమ్ కి లేవాలని నీళ్ళు మానేస్తారు ఆ వయసు ఆడవాళ్ళు, అది ముందే గట్టిగా చెప్పాలి. రెండు చివర్లా వీల్‌చెయిర్ టికెట్ తో పాటే రాయించు.

విండోసీట్ (ఆదివారం, ఉదయం 10:11)

డాక్టర్ గారి మాటకి ఇంకోటి కలుపుతా. ఈ రూట్ కోసమే చేయించిన ఏ350-900యూఎల్ఆర్ (మరీ దూరాలకి ఎగిరే రకం) లో మామూలు ఎకానమీ లేదు, బిజినెస్ 67, ప్రీమియం ఎకానమీ 94, మొత్తం 161 సీట్లే. కాళ్ళకి చోటు ఎక్కువ. తక్కువ మందిని ఎక్కించుకోవడానికి కారణం ఇంధనం బరువు, ట్యాంకుల్లో 1,65,000 లీటర్లు పడుతుంది, నిండితే దాదాపు 132 టన్నులు, విమానం పైకి లేచే గరిష్ట బరువు 280 టన్నులు, అంటే సగానికి దగ్గరగా ఇంధనమే. ఇంకో మంచి విషయం, ఏ350 లో క్యాబిన్ ప్రెషర్ 6,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు, పాత విమానాల్లో 8,000, దిగాక అలసట కొంచెం తక్కువ అనిపిస్తుంది. బుక్ చేసేముందు ఆ రోజు ఏ విమానం వేస్తున్నారో సీట్ మ్యాప్ తెరిచి చూసుకోండి, ఎకానమీ వరసలు కనిపిస్తే అది వేరే విమానం.

కావేరి_ఎస్ (ఆదివారం, మధ్యాహ్నం 12:48)

డాక్టర్ గారూ, విండోసీట్ గారూ, చాలా చాలా థాంక్స్. నాన్‌స్టాప్ కే వెళ్తున్నాం, సోమవారం డాక్టర్ ని కలిసి బుక్ చేస్తా. వెళ్ళడం సెప్టెంబరు, రావడం డిసెంబరు. రావడం శనివారం రాత్రి 10:30 కి న్యూయార్క్ లో ఎక్కితే ఇక్కడ నేను ఏ రోజు ఎన్నింటికి ఎయిర్‌పోర్టుకి వెళ్ళాలి? టికెట్ లో సోమవారం అని చూపిస్తోంది, ఆదివారం ఏమైపోయిందో అర్థం కాలేదు.

చందు_బ్రో (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

ఆదివారం మొత్తం విమానంలనే అయిపోతది అక్కా. డిసెంబర్ల తేడా 12 కాదు 13 గంటలు, అమెరికావాళ్ళు నవంబరు మొదటి ఆదివారం గడియారం ఒక గంట వెనక్కి జరుపుతరు, మళ్ళ మార్చి రెండో ఆదివారం ముందుకి. సింగపూర్ల అసలు జరపరు. శనివారం రాత్రి 10:30 అంటే నీ దగ్గర ఆదివారం పొద్దున 11:30. దానికి 18 గంటల 50 నిమిషాలు కలిపితే సోమవారం పొద్దున 6:20.

నింగిబాట (ఆదివారం, మధ్యాహ్నం 2:00)

చందూ లెక్క సరైందే, కానీ ఆ 18:50 ఎండాకాలం షెడ్యూల్ ది. అక్టోబరు ఆఖరి ఆదివారం నుంచి చలికాలం షెడ్యూల్ మొదలవుతుంది, అప్పుడు గాలులు బలంగా ఉంటాయి కాబట్టి కంపెనీలు టైములు మళ్ళీ వేస్తాయి. డిసెంబరు టికెట్ మీద ఏముందో అదే తీసుకోండి. బయల్దేరిన రోజున ట్రాకర్ లో ల్యాండింగ్ అంచనా టైమ్ చూసుకోండి, యూరప్ దాటి హిందూ మహాసముద్రం మీదికి వచ్చాక చూపించే టైమ్ పెద్దగా మారదు, ఇంట్లోంచి అప్పుడు బయల్దేరితే సరిపోతుంది. వీల్‌చెయిర్ వాళ్ళని ఆఖర్న దించుతారు, ఇమిగ్రేషన్, సామాన్లు కలిపి ఇంకో ముప్పావుగంట వేసుకోండి.